ఇంట్లోనే తూటాలు నింపుకోవచ్చా? అక్కడ సరదా, ఇక్కడ ఏడేళ్ల జైలు

మీట లాగిన ప్రతిసారీ ఒక రైఫిల్ తూటా తయారై డబ్బాలో పడే చేతి యంత్రాన్ని వీడియోల్లో మీరు చూసే ఉంటారు. దాని పేరు ప్రోగ్రెసివ్ ప్రెస్. పేల్చాక మిగిలిన ఇత్తడి తొడుగులో కొత్తగా ప్రైమర్, మందు, గుండు అమర్చి మళ్లీ వాడుకోవడానికి దాన్ని వాడతారు. ఖర్చు తగ్గుతుందని, గురి మెరుగవుతుందని అమెరికాలో వేటగాళ్లు, షూటర్లు ఈ పని చేస్తుంటారు. మరి చట్టం ఏమంటోంది?

అమెరికాలో లైసెన్సు కావాలా?

సొంత వాడకానికి నింపుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మడానికి తయారుచేస్తే మాత్రం తప్పనిసరి. వీటికి తోడు రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి.

అక్కడున్న తెలుగువారందరికీ ఇది వర్తిస్తుందా?

వర్తించదు. హెచ్‌-1బీ, ఎఫ్‌-1, బీ-2 వంటి నాన్‌ ఇమిగ్రెంట్ వీసాల మీద వెళ్లినవారు తుపాకీనే కాదు, తూటానూ దగ్గర ఉంచుకోకూడదు. షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకున్న తుపాకీ కూడా 'దగ్గర ఉంచుకోవడం' కిందకే వస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి లేకుండా దొరికితే 15 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులను సరదాగా రేంజికి తీసుకెళ్లే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మన దేశంలో?

1959 ఆయుధ చట్టంలోని 2వ సెక్షన్ ప్రకారం 'మందుగుండు' అంటే తూటా ఒక్కటే కాదు. దాని విడిభాగాలు, తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. అంటే తూటా ఒక్కటీ నింపకపోయినా, ఆ ప్రెస్ చట్టం దృష్టిలో మందుగుండే. 5వ సెక్షన్ ప్రకారం మందుగుండు తయారీకి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. అది లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం.

తుపాకీ లైసెన్సు ఉంటే సరిపోదా?

సరిపోదు. తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చే లైసెన్సు వేరు, తయారీకి ఇచ్చేది వేరు. లైసెన్సులో రాసిన సంఖ్యకు లోబడి, అనుమతి ఉన్న డీలరు దగ్గరే తూటాలు కొనుక్కోవాలి.

పొరపాటున బ్యాగులో తూటా వస్తే?

పేలని తూటా ఒక్కటి దొరికినా విమానాశ్రయంలో ఆయుధ చట్టం కింద కేసు పెట్టవచ్చు. తన దగ్గర ఉందన్న స్పృహ నిందితుడికి ఉండాలని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాదనతో బయటపడవచ్చు గానీ, అప్పటికి ప్రయాణం ఆగిపోతుంది, కోర్టు చుట్టూ తిరగడం మొదలవుతుంది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలకు 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయినా గుర్తుగా దాచుకున్న ఖాళీ తొడుగును విమానంలో తీసుకెళ్లకపోవడమే మంచిది.

మీరేం చేయాలి?

అమెరికా నుంచి తూటాలు గానీ, నింపే యంత్రం గానీ తేవద్దు, తెప్పించుకోవద్దు. వేటకు, రేంజికి వాడిన బ్యాగును ప్రయాణానికి వాడాల్సి వస్తే ప్రతి అరా దులిపి చూడండి. లైసెన్సుదారు చనిపోయాక ఇంట్లో పాత తూటాలు కనబడితే, ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్‌స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి.