టెలివిజను నేరకథల తారతమ్యము

మా పాఠశాల పై తరగతుల విద్యార్థులలో నీ సంవత్సరము తరచుగా జరిగిన వాదములలో నొకటి, టెలివిజనులోను ఫోనులలోను వచ్చు నేరకథలలో నేది గొప్పది యనునది. హంతకుడెవ్వడో కడవఱకు తెలియనీయనిది గొప్పదని కొందఱును, పోలీసువారి సాహసము మెండుగా నున్నది గొప్పదని మఱికొందఱును వాదించుచున్నారు. తల్లిదండ్రులలో పెక్కురు అట్టి కథలన్నియు నొక్కటే యనియు, పిల్లల మనస్సులను చెఱచుటకే పుట్టినవనియు తలంచుచున్నారు. మా యభిప్రాయము ఈ మూడింటికిని భిన్నమగుటచే నిచ్చట వ్రాయుచున్నాము.

నేరకథకు మా కొలత యొక్కటే. దోషి చేతికి సంకెల పడిన పిమ్మట కథకుడు చెప్పవలసిన దింకను మిగిలియున్నదా? మిగిలియున్నచో నది గొప్ప కథ, లేనిచో పొడుపుకథ. పొడుపుకథయందు దోషమేమియు లేదు. విప్పువఱకు వేడుకగా నుండును. విప్పిన పిదప దాని నెవ్వరును తలంపరు.

పొడుపుకథలలో మన దేశమున మిక్కిలి కాలము నడచినవానిలో 'సీఐడీ' యొకటి. అది సోనీ ఛానెలులో 1998లో మొదలై 2018 వఱకు నడచి, 2024 డిసెంబరులో మరల నారంభింపబడినది. ఏసీపీ ప్రద్యుమన్ చేతిని త్రిప్పుచు సందేహించుటయు, దయా తలుపులు పగులగొట్టుటయు, కడపట దోషి చెంపదెబ్బ తిని యంతయు నొప్పుకొనుటయు నెఱుగనివా రరుదు. ఇరువది యేండ్లు జనుల నలరించుట సామాన్యము కాదు. కాని యా చెంపదెబ్బతో కథ సరి. చంపబడినవాని భార్యాబిడ్డలు మఱునా డేమి తినిరో యడుగువారుండరు. పైగా, దెబ్బ కొట్టినచో సత్యము బయటపడునను నమ్మకము బాలురలో నాటుకొనుచున్నది. పోలీసు అధికారి యెదుట చేసిన యొప్పుకోలు నిందితునిపై న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లదని మన చట్టము చెప్పుచున్నదని వా రెఱుగవలెను.

దీనికంటె ముందే, 1993లో, దూరదర్శనులో 'బ్యోంకేష్ బక్షీ' వచ్చెను. శరదిందు బంద్యోపాధ్యాయుని బెంగాలీ కథలను బాసు ఛటర్జీ హిందీలో తీసిరి. రజిత్ కపూర్ ధరించిన యా పాత్ర తన్ను డిటెక్టివనిన నొప్పుకొనడు, సత్యాన్వేషి యనవలెను. పరుగులు లేవు, తుపాకులు తక్కువ. ధోవతి కట్టుకొని కూర్చుండి యెదుటివాడు చెప్పునది వినుచుండును. ఒక మనుష్యుడు వినుచుండుటను విసుగు పుట్టకుండ చూపుట యెంత కష్టమో నాటకములు వేయించిన యుపాధ్యాయుల కెఱుకయే.

ఇక లోకమంతట పేరు గాంచిన యమెరికా కథలు రెండు. 'బ్రేకింగ్ బ్యాడ్' 2008 మొదలు 2013 వఱకు 62 ఎపిసోడులుగా వచ్చెను. సృష్టికర్త విన్స్ గిల్లిగన్. ఆల్బుకర్కీ పట్టణమున నున్నత పాఠశాలలో రసాయనశాస్త్రము బోధించు వాల్టర్ వైట్ తనకు క్యాన్సరు కలదని తెలిసి, కుటుంబమునకు ధనము మిగుల్చుటకని మత్తుపదార్థము వండసాగును. హంతకుడెవ్వడను ప్రశ్న యిచ్చట లేదు. మంచివాడు ఏ మెట్టుకడ చెడ్డవాడాయె ననునదే ప్రశ్న. కుటుంబముకొఱకని తాను చెప్పుకొనుచు వచ్చినది యసత్యమనియు, తనకు నచ్చియే చేసితిననియు, కడపటి ఎపిసోడులో నతడు భార్యతో నొప్పుకొనును. దాని నెవ్వరును కొట్టి చెప్పింపలేదు. 2013, 2014 సంవత్సరములలో నుత్తమ నాటకధారావాహికగా దీనికి ఎమ్మీ బహుమతులు వచ్చినవి, అర్హమే. అయినను మాకొక సంకోచము కలదు. అతని తెలివి ప్రతి ఎపిసోడునందును మనల నెంత మురిపించుననగా, చచ్చినవారిని మఱచి అతడు తప్పించుకొనవలెనని మనమే కోరుదుము.

'ది వైర్' ఎమ్మీ బహుమతి నొక్కటియు పొందలేదు. మేము దానినే ముందుంచుచున్నాము. 2002 మొదలు 2008 వఱకు, అయిదు సీజనులు, 60 ఎపిసోడులు. స్థలము బాల్టిమోరు నగరము. దీనిని సృష్టించిన డేవిడ్ సైమన్ ఆ నగరపు పత్రికలో నేరవార్తలు వ్రాసినవాడు. అతనితో గూడి వ్రాసిన ఎడ్ బర్న్స్ అచ్చటనే పోలీసు ఉద్యోగము చేసి, పిదప బడిపంతులైనవాడు. వీధిమూలలో మత్తుమందు నమ్ము పిల్లలను పోలీసువారు ప్రతిదినమును పట్టుకొనగలరు. మఱునా డా మూలలోనే వేఱొక పిల్లవాడు నిలుచుండును. పైవారిని పట్టుకొనుటకు ఫోను మాటలు చాటుగా వినవలెను. ధనము పోయిన దారి వెదుకవలెను. ఆ దారి రాజకీయ నాయకుల గడపకు చేరునప్పటికి పోలీసు పెద్దలకే మనస్సు రాదు.

మొదటి సీజనులో వాలెస్ అను పదునాఱేండ్ల బాలుడు కలడు. తానే మత్తుమందు ముఠాలో పనిచేయుచు, దిక్కులేని చిన్నపిల్లలను పాడుబడిన యింటిలో సాకుచు, ఉదయమున చిరుతిండ్లు పంచి బడికి పంపుచుండును. అతని మనస్సు విఱిగినదని ముఠావారికి తెలియగా, వాని స్నేహితులచేతనే వానిని చంపింతురు. నాలుగవ సీజను (2006) సగము బడిలోనే జరుగును. పోలీసు కొలువు విడిచి వచ్చిన గణితోపాధ్యాయుడు, పుస్తకము ముట్టని పిల్లలకు పాచికలతో సంభావ్యత నేర్పును. ఆ తరగతిలోని నలుగురు బాలురలో కడపట గట్టెక్కువా డొక్కడే. మిగిలిన మువ్వురు మొద్దులు కారు, దుష్టులు కారు.

బాల్టిమోరు మనకు దూరమని తలంపరాదు. ఒడిశా, ఆంధ్ర సరిహద్దు కొండలనుండి వచ్చు గంజాయి భద్రాచలము దారిలో పట్టుబడినదను వార్త పత్రికలలో తఱచుగా చూచుచున్నాము. చిత్రమున ముఖములకు గుడ్డలు కట్టుకొనిన యువకులు, ముందు పొట్లముల గుట్ట, వెనుక పోలీసువారు. తూకమెంతయో వెలయెంతయో వార్తలో నుండును. సరకెవ్వరిదో, ఎవ్వరికి చేరవలసియుండెనో యుండుట యరుదు. 1985 నాటి చట్టము ప్రకారము 20 కిలోలకు మించిన గంజాయి విషయమున పదియేండ్లకు తక్కువ కాని కఠిన శిక్ష గలదు. సంచి మోసినవానికిని సొంతదారునికిని చట్టమున శిక్ష సమానమే. పట్టుపడుట మాత్రము సమానము కాదు. సంచి యొకటి చేర్చినచో వేయిరూపాయ లిత్తుమను మాట మన బాలు డెవ్వడైన వినిననాడు, వానికి 'సీఐడీ' చూచిన జ్ఞానమేమియు పనికిరాదు. వాలెస్ కథ పనికివచ్చును.

2012 నాటి ఢిల్లీ ఘోరము నాధారము చేసికొని రిచీ మెహతా తీసిన 'ఢిల్లీ క్రైమ్' మొదటి సీజను 2019లో వచ్చి, 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పొందినది. ఇండ్లకు పోక, నిద్ర లేక, చాలీచాలని వసతులతో పనిచేయు పోలీసుల యోపికను షెఫాలీ షా చక్కగా చూపినది. అది చూచినవాడు పోలీసును నవ్వుబొమ్మగా నెంచడు. కథ మాత్రము వారి కన్నులతోనే చూచుచున్నది.

తెలుగువారి ప్రయత్నములు లేకపోలేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ననుసరించి '9 అవర్స్' 2022లో వచ్చినది. విక్రమ్ కుమార్ 'దూత' (2023)లో పత్రికా విలేఖరుల దోషమునే కథావస్తువుగా దీసికొనుట మెచ్చదగినది. కాని శిక్షించు పనిని మానుషాతీత శక్తి కప్పగించుటచే చూచువాని బాధ్యత తీఱిపోవుచున్నది. 'వికటకవి' (2024) తెలంగాణపు పల్లెను చూపినది. అచ్చటను జనులు జ్ఞాపకము గోల్పోవు వింతయే ప్రధానము. అడవి యనగానే మన కథకులకు తుపాకి గాని దయ్యము గాని తోచుచున్నది. బొగ్గు లారీల వెనుక దుమ్ములో, గోదావరి వంతెనకడ, బస్సులో ఒడిలో సంచి పెట్టుకొని కూర్చున్న కుఱ్ఱవాడు వారి కింకను కనబడలేదు.

తల్లిదండ్రుల యాక్షేపణలో సత్యము కలదు. మేము మెచ్చుకొనిన వానిలో బూతులును రక్తమును మెండు. 2021 నిబంధనల ప్రకారము ప్రతి ధారావాహికకును వయస్సు గుర్తు నీయవలెను. అది తెరపై నుండును, చూడవలెను. 'ది వైర్', 'బ్రేకింగ్ బ్యాడ్', 'ఢిల్లీ క్రైమ్' పెద్దలకే. విద్యార్థులను వానిని చూడుమని మేము చెప్పుటలేదు; తల్లిదండ్రులనే ముందు చూడుమనుచున్నాము. చూచి, వాలెస్ కథను తమ నోటితో బిడ్డలకు చెప్పినచో మఱియు మంచిది. 'బ్యోంకేష్ బక్షీ'ని మాత్రము ఎనిమిదవ తరగతి మొదలుకొని పెద్దల ప్రక్కన కూర్చుండి చూడవచ్చును. అది హిందీలో నున్నది గనుక మన హిందీ పండితులును ఆక్షేపింపరు.