గుహ బయట సంచుల కాపలా ఇంకెన్నాళ్ళు?

పిల్లలకు సెలవులిచ్చారంటే చాలు, ఇంట్లో ఎటైనా వెళ్దామన్న మాట మొదలవుతుంది. శ్రీవారు దారి చూడటం మొదలెడతారు. పిల్లలు కిటికీ పక్క సీటు కోసం నాలుగు రోజుల ముందు నుంచే కొట్టుకుంటారు. ఇల్లాలేమో పులిహోరకు చింతపండు నానబెడుతుంది. వెళ్ళొచ్చాక ఫోటోలు ఓసారి తిరగేసి చూడండి, వాటిలో ఆవిడ ఎన్నింట్లో కనిపిస్తుంది? చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, మూడు సంచులు ముందు పెట్టుకుని, గుహ ద్వారం దగ్గరో జలపాతం మెట్ల మీదో కూర్చుని ఉంటుంది. "నువ్విక్కడే ఉండు, గబగబా చూసొచ్చేస్తాం" అన్న మాట మనలో ఎవరికి కొత్త?

ఆ మాట ఎవరూ చెడ్డతనంతో అనరు. ప్రయాణం వేసుకునేటప్పుడు అమ్మ వంతు ఎప్పుడన్నది ఎవరూ ఆలోచించరు, అంతే. అంచేత ఈసారి ఆ వంతును కూడా లెక్కలో వేసుకుని ఒక ప్రయాణం కడదాం. ఎక్కడికో కాదు, మన రాయలసీమకే. కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాళ్ళు, నంద్యాల జిల్లాలో బెలుం గుహలు, కడప జిల్లాలో గండికోట లోయ. మూడూ ఒకే దారిలో కలుస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం చిన్నపిల్లలతో ఆ వైపు వద్దు.

ఎన్ని చూడాలి?

రోజుకు ఒక్కటి. అంతకు మించి వద్దు. హైదరాబాదు నుంచి బయల్దేరితే కర్నూలుకు 200 కిలోమీటర్ల పైచిలుకు. మొదటి రాత్రి అక్కడే ఆగండి. సాయంత్రం నంద్యాల దారిలో ఉన్న ఓర్వకల్లుకు వెళ్తే, ఎండ తగ్గాక పిల్లలు ఆ రాళ్ళ మధ్య నడుస్తారు. 2013లో 'బాహుబలి' చిత్రీకరణ మొదలైంది ఇక్కడేనని చెప్పండి, వాళ్ళ హుషారు చూడాలి! రెండోరోజు బెలుం, కర్నూలు నుంచి సుమారు 110 కిలోమీటర్లు. అక్కణ్ణించి గండికోటకు సుమారు 60. అక్కడ పర్యాటక సంస్థ వారి హోటల్ ఉంది కానీ శని, ఆదివారాల్లో అప్పటికప్పుడు గది దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోండి. మూడోరోజు పొద్దున్నే లోయ. ఆ రోజంతా అక్కడే ఉండి, నాలుగోరోజు తీరిగ్గా తిరుగు ప్రయాణం. "అంత దూరం వెళ్ళి ఇంతేనా" అని శ్రీవారు అనొచ్చు. రెండు రోజుల్లో ఏడు చోట్లు తిప్పితే పిల్లలకు గుర్తుండేది కారు సీటు, కారులో అయిన వాంతులే.

కారులో

చిన్నపిల్లల్ని ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మన అలవాటు. బ్రేకు గట్టిగా పడితే ఆ బరువును మన చేతులు ఆపలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుంచండి, పసివాళ్ళకు వెనక సీట్లో బిగించే పిల్లల సీటే క్షేమం. పైగా అమ్మ చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి.

వాంతులయ్యే పిల్లలకు బయల్దేరే ముందు నూనె వస్తువులు పెట్టకండి. కారులో పుస్తకం, ఫోను చూడనివ్వకండి. దూరంగా కనిపించే కొండనో చెట్టునో చూడమనండి. కిటికీ కాస్త దించండి. మరమరాలు, బిస్కట్ల లాంటి పొడి తిండి కొద్దికొద్దిగా ఇవ్వండి. రెండు గంటలకోసారి బండి ఆపి పది నిమిషాలు నడిపించండి.

మరో సంగతి, ఇది మనకు. దారిలో బాత్రూమ్ ఉంటుందో లేదోనని పొద్దున్నించీ మంచినీళ్ళు ముట్టని ఆడవాళ్ళు ఎంతమందో! సాయంత్రానికి తలనొప్పి, మర్నాటికి మూత్రంలో మంట. అందుకే పెద్ద పెట్రోలు బంకు కనబడినప్పుడల్లా అవసరం ఉన్నా లేకపోయినా ఆపమనండి. మొహమాటపడకుండా, బయల్దేరేముందే ఆ మాట చెప్పేయండి. ఒక సబ్బు, పాత వార్తాపత్రికలు, ఒక చెంబు డిక్కీలో కాకుండా చేతికందేచోట ఉంచుకోండి.

తిండి సంచి ఒక్కటే

మొదటి రోజుకు చింతపండు పులిహోర, దద్ధోజనం చాలు. దద్ధోజనం పులవకుండా ఉండాలంటే మెత్తగా వండిన గోరువెచ్చని అన్నంలో పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు కలపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు, ఎండకు పాడవుతుంది. రెండోరోజు నుంచి వేడివేడిగా ఏది దొరికితే అది తినడమే. సీమలో జొన్నరొట్టె, పప్పు దొరికితే వదలకండి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి. పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలి. తియ్యగా ఉండే పళ్ళరసం డబ్బాలు దానికి బదులు కావు.

బెలుం: మన వంటింటి రాయే!

బిలం అన్న మాట నుంచే బెలుం వచ్చిందంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశారు. 1982, 83ల్లో జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపల కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి సందర్శకుల్ని రానిస్తున్నారు. మనం చూడగలిగేది దాదాపు కిలోమీటరున్నర. అన్నిటికన్నా లోతున పాతాళగంగ ఉంది, ద్వారం నుంచి 46 మీటర్ల కింద.

"ఈ గుహ ఎవరు తవ్వారమ్మా?" అని పిల్లలు తప్పక అడుగుతారు. ఆ జవాబు మన వంటింట్లోనే ఉంది. నల్ల కడపరాయి గట్టు మీద నిమ్మరసం పడితే వెంటనే తుడవకపోతే తెల్లగా మచ్చ పడుతుంది, గమనించారా? గ్రానైట్ మీద పడదు. ఎందుకంటే కడపరాయి సున్నపురాయి, దాన్ని పులుపు తినేస్తుంది. బెలుం గుహలు కూడా సున్నపురాయే. వాన చినుకు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. సోడాలో బుసబుసలాడేది ఆ వాయువే. అలా పుల్లబడ్డ నీరు రాతి పగుళ్ళలోకి దిగి లక్షల ఏళ్ళు కరిగిస్తూ పోతే గుహ అవుతుంది.

మరి పైనుంచి వేలాడే ఆ రాతి ఊడలు? ఉప్పన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి గార కడుతుందే, అదీ ఇదీ ఒక జాతే. కరిగిన సున్నం ఒక్కో బొట్టులో కొంచెం కొంచెం మిగిలిపోయి గడ్డకట్టడమే. కోటిలింగాల దగ్గర నిలబడి ఈ మాట చెబితే పిల్లల కళ్ళు చూడాలి. ప్రయాణానికి ముందు ఇంట్లో కోడిగుడ్డు పెంకును వెనిగర్‌లో వేసి చూపిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. బుడగలొస్తూ పెంకు కరిగిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఇన్ని తెలిసిన మనిషి గుహ బయట సంచులకు కాపలా కూర్చుంటే ఎలా?

లోపల ఉక్క ఎక్కువ. దూరం వెళ్ళేకొద్దీ చెమటలు పడతాయి. కొన్నిచోట్ల వంగి నడవాలి, పాతాళగంగకు మెట్లు దిగాలి. మూడేళ్ళ లోపు పిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో అంత లోతుకు వెళ్ళడం మంచిది కాదు. దానికి ఉపాయం రెండు విడతలు. మొదట శ్రీవారు పెద్దవాడితో వెళ్ళి వస్తారు, చంటిది మీ దగ్గర. తర్వాత మీరు వెళ్తారు, చంటిది ఆయన దగ్గర. పెద్దవాడు రెండోసారి కూడా వస్తానంటాడు, తీసుకెళ్ళండి, ఈసారి దారి వాడే చూపిస్తాడు! అందుకు గంటో గంటన్నరో ఎక్కువ పడుతుంది. రోజుకు ఒక్కటే చూడమన్నది ఇందుకే. చీకటికి భయపడే పిల్లలతో ఇంట్లో ముందే దీపాలార్పి టార్చితో ఆడించండి. కాళ్ళకు జారని బూట్లు, చేతిలో టార్చి తప్పనిసరి. రాళ్ళను పట్టుకు వేలాడొద్దని గట్టిగా చెప్పండి. అవి పెరగడానికి వేల ఏళ్ళు, విరగడానికి ఒక్క క్షణం.

గండికోట: కూర్చుని చూడండి

గండి అంటే కొండల మధ్య నది కోసుకున్న దారి. కర్ణాటకలో నందికొండల్లో పుట్టి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్న, ఇక్కడ ఎర్రమల కొండల్ని నిట్టనిలువునా చీల్చింది. లోతు దాదాపు 300 అడుగులు. ఈ ఎర్రరాయి బెలుం రాయిలా కాదు, నిమ్మరసానికి చలించదు. మరి నది ఎలా కోసింది? రోలు ఎలా అరుగుతుంది? రాపిడితో. నీళ్ళలో కొట్టుకొచ్చిన ఇసుక, గులకరాళ్ళు ఏళ్ళ తరబడి నూరాయి. ఒకటి కరిగిన రాయి, ఒకటి అరిగిన రాయి. ఈ ముక్క గుర్తుంటే పిల్లలకు రెండు చోట్లూ గుర్తుంటాయి.

ఇక్కడ మాత్రం ఒక్క మాట పట్టుదలగా చెబుతున్నాను. లోయ అంచు దగ్గర పరాచికాలు వద్దు. బండరాళ్ళు చదునుగా కనబడి పిల్లల్ని పరుగెత్తమంటాయి, కింద చూస్తే పాతాళం. ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దమనిషి. ఇద్దరు పిల్లలుండి పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే అంచుకు వెళ్ళకండి. పిల్లల్ని భుజాలకెక్కించుకోకండి. ఫోటో తీసే చేయి, పిల్లాణ్ణి పట్టుకునే చేయి ఒకే మనిషివి కాకూడదు. అంచుకు నాలుగైదు బారల ఇవతలే ఆగి, అందరూ కింద కూర్చుని చూడండి. నిలబడ్డవాళ్ళకు కనిపించేదంతా కూర్చున్నవాళ్ళకూ కనిపిస్తుంది. తెల్లవారుజామున వెళ్తే జనం తక్కువ, ఎండ తక్కువ.

తర్వాత కోట లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, పాత ధాన్యాగారం చూడొచ్చు. ఇక్కడ చేతులు కాస్త వదిలేసినా ఫరవాలేదు, గోడలు, మెట్ల మీదికి మాత్రం ఎక్కనివ్వకండి.

బయల్దేరే ముందు రాత్రి

ఒక కాగితం తీసుకుని నాలుగు పేర్లు రాయండి. నీళ్ళ సీసాలు ఎవరివి? చెప్పుల సంచి ఎవరిది? బిల్లులు, గదులు ఎవరు? చంటిది ఏ పూట ఎవరి దగ్గర? ఏడేళ్ళ పిల్లవాడు తన సంచి తాను మోయగలడు. అత్తగారు లెక్కల్లో గట్టివారైతే డబ్బు ఆవిడకప్పగించండి, సంతోషిస్తారు. అడగకుండా ఎవరూ అందుకోరు, ఇంట్లో పనైనా, దారిలో పనైనా. "నాకూ ఆ గుహ చూడాలనుందండీ" అని ఒక్క మాట నోరు విప్పి చెబితే కాదనే మగవారు తక్కువే.

ఇల్లు చేరాక బడి తెరవడానికి ఒక్క రోజైనా మిగిలేలా చూసుకోండి. ఆ రోజు మాసిన బట్టల మూట ఎవరు విప్పాలో కూడా ఆ కాగితంలోనే రాసుకుంటే ఇంకా మంచిది!