జంపర్ కేబులు కొనవలసినది ఎవరు?



ఆకివీడు, కైకలూరు ప్రాంతాల నుండి మంచులో చేపలు వేసుకొని హౌరా మార్కెట్టుకు వెళ్లే మన లారీ డ్రైవర్లకు కోల్‌కతా చిరపరిచితమే. సరుకు దింపిన పిమ్మట బ్యాటరీ చచ్చి సెల్ఫ్ తిరగకపోతే జంపర్ కేబులే దిక్కు. దానిని డ్రైవరే తన బత్తాలోంచి కొనుక్కోవాలనే యజమానుల ధోరణి అన్యాయం.

బత్తాలో మిగిల్చి కొన్నది చౌకదే అవుతుంది. మల్లిక్ బజారులో కొన్నా, విజయవాడ ఆటోనగరులో కొన్నా రబ్బరు మందం చూసి మోసపోరాదు. లోపల రాగిపూత వేసిన అల్యూమినియం ఉండవచ్చు. చాకుతో గీకితే తెల్లని లోహం బయటపడుతుంది. అల్యూమినియం విద్యుద్వాహకత రాగిలో సుమారు 60 శాతమే. అసలు రాగిదైనా, 25 చదరపు మిల్లీమీటర్ల కేబులు 5 మీటర్ల జతలో 400 ఆంపియర్లు ప్రవహిస్తే దాదాపు 3 వోల్టులు దారిలోనే నశిస్తాయి. 50 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం సగమే. 24 వోల్టుల లారీకి ఇదే తగినది.

క్లిప్పు వద్ద పచ్చని చిలుము పట్టిన తీగను శుభ్రమైన రాగి కనిపించేవరకు కోసివేసి, కొత్త రాగి లగ్గును సాధనంతో గట్టిగా నొక్కించాలి. మెలిపెట్టి టేపు చుట్టడం మరమ్మతు కాదు. పైతొడుగు పగిలినదానిని పారవేయవలసిందే.

నల్లని చివరి క్లిప్పును ఆగిన బండి బ్యాటరీకి కాక, దూరంగా ఇంజను లోహానికి తగిలించాలి. బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. ఆమ్లం చిందేది క్లీనరు కళ్లలో.

జాకీ, స్టెప్నీ కొనిచ్చే యజమానే ఇదీ కొనివ్వాలి. వచ్చే వేతన చర్చలలో మన శాఖలు ఈ కోర్కెను లిఖితపూర్వకంగా చేర్చాలి.