గీత గీసిన మాట – చేత వ్రాసిన మాట

గ్రంథము చదువుచు మనసునకు హత్తిన వాక్యము క్రింద పెన్సిలుతో గీత గీయుట మన యిండ్లలో చిరకాలముగా నున్న యలవాటు. 2007వ సంవత్సరమున వెలువడిన కిండిల్ వంటి పఠనయంత్రములందు ఈ గీతనే హైలైట్ అనుచున్నారు. గుర్తించిన వాక్యములన్నియు కిండిల్‌లోని ‘మై క్లిప్పింగ్స్’ అను సాదా ఫైలులో చేరును. పుస్తకము పేరు, రచయిత పేరు, స్థానము, తేది, పిమ్మట వాక్యము. ఒక్కొక్కదాని తుదను పది సమానచిహ్నములు. ఇదియే దాని వరుస.

కాని యది దినుసులన్నియు నొక్క డబ్బాలో పోసినట్లుండును. శిశుపోషణ గ్రంథములోని మాట ప్రక్కనే నవలలోని మాట! కావున వానిని ఆబ్సిడియన్ వంటి నోట్సు యాప్‌లోనికి, పుస్తకమున కొక పుట చొప్పున తెచ్చుకొనుట మేలు. ఆ నోట్సులు మన కంప్యూటరులోనే సాదా ఫైళ్లుగా నుండును గనుక, యాప్‌ను మానుకొన్నను వ్రాత మనకు మిగులును. ఈ పనికై యాప్‌నకు తగిలించు చిన్న ప్రోగ్రామును ప్లగిన్ అందురు. జావాస్క్రిప్టు నేర్చిన సోదరీమణులు దీనిని స్వయముగా నిర్మించుకొనవచ్చును.

నిర్మాణమున రెండు చిక్కులు కలవు. మొదటిది, ఒకే వాక్యము మరల మరల చేరుట. మనము హైలైటును పొడిగించినను, తుడిచివేసినను, ఆ ఫైలులో పాతది నిలిచియే యుండును. కావున ప్లగిన్ పుస్తకము పేరు, స్థానము, వాక్యము కలిపి ప్రతి హైలైటునకు నొక గుర్తు కట్టి, ఆ గుర్తుల జాబితాను దాచుకొనవలయును. జాబితాలో లేనిదానినే పుటలో చేర్చవలయును. ఒకే చోట మొదలైన రెండు వాక్యము లొక్కసారి వచ్చినచో కడపటిదానినే గైకొనవలయును.

రెండవ చిక్కు పెద్దది. ఒక తల్లి, శిశుపోషణ గ్రంథమునుండి వచ్చిన వాక్యము క్రింద, తన బిడ్డకు పాలు మాన్పించిన నాటి యనుభవమును నాలుగు పంక్తులలో వ్రాసికొన్నదనుకొందము. ప్లగిన్ ప్రతిసారియు పుటనంతయు క్రొత్తగా వ్రాయునదైనచో ఆ నాలుగు పంక్తులు మాయమగును. గ్రంథకర్త వాక్యము గ్రంథమున మరల దొరకును. ఆ తల్లి మాట యెచ్చట దొరకును? కావున ఉన్న పుటను తుడువక, క్రొత్త వాక్యములను చివర మాత్రమే చేర్చుట ఉత్తమమైన పద్ధతి.

ఇతరులు చేసిన ప్లగిన్‌ను వాడదలచినవారికి మేము చెప్పునది యొక్కటే. ముందుగా నోట్సు ఫోల్డరునకు నకలు తీసి, ఆ నకలులో పరీక్షింపుడు. వచ్చిన వాక్యము క్రింద మీ మాట యొకటి వ్రాయుడు. కిండిల్‌లో క్రొత్త హైలైటు నొకదానిని చేసి, ప్లగిన్‌ను మరల రెండుసార్లు నడుపుడు. పాత వాక్యము, క్రొత్త వాక్యము ఒక్కొక్కసారియే కనబడి, మీ మాట చెక్కుచెదరక యున్నచో దానిని నమ్మవచ్చును. లేనిచో, ఎంత సొంపైనదైనను, దానిని మీ నోట్సు దరికి రానీయకుడు.