లాభాల చిట్టాలో నగరం గ్రామం ఎక్కడ?

కోనసీమ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? కొబ్బరి తోటలు, కాలువలు, పచ్చటి చేలు. ఆ తోటల కిందనుంచే గ్యాస్ పైపులు కూడా పోతుంటాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పగిలింది. గ్యాస్ కమ్ముకుని ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొట్లు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. అంతకుముందు 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలితే, మంట రెండు నెలలకు పైగా ఆరలేదు.

ఇచ్చిన పరిహారం కంపెనీ పద్దులో ఖర్చు కింద రాసుకుంటారు. మరి పోయిన మనిషిని, మాడిన తోటని, ఆ తర్వాత భయంతో నిద్రపట్టని రాత్రుల్ని ఏ పద్దులో రాస్తారు?

ఈ ప్రశ్న మనమే కొత్తగా అడగట్లేదు. లాభంతో పాటు మనుషుల లెక్క, ప్రకృతి లెక్క కూడా చూడాలని 1994లోనే జాన్ ఎల్కింగ్టన్ అనే బ్రిటిష్ రచయిత చెప్పాడు. దానికి 'ట్రిపుల్ బాటమ్ లైన్' అని పేరు పెట్టాడు. కంపెనీలు ఆ మాటని రిపోర్టులకు అలంకారంగా వాడుకుంటున్నాయని, 2018లో ఆయనే దాన్ని మళ్లీ ఆలోచించాలన్నాడు.

మన దేశంలో 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టమంది. ఈ నిబంధన 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే నగరం కాలిపోయింది. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీరు కలిసిన గ్యాస్ పంపడం వల్ల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. చూడండి, బడికి రంగులేస్తే, మంచినీళ్ల ట్యాంకు కడితే 2 శాతంలో చూపిస్తారు. పైపు తుప్పు ఆ లెక్కలోకి రాదు. లాభం వచ్చాక ఎంత పంచారన్నది ఒకటి, ఆ లాభం ఎలా వచ్చిందన్నది ఇంకోటి.

కోనసీమ గొడవ ఏజెన్సీకి ఎందుకంటారా? 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. అక్కడ వ్యాపారం చేసేవాళ్లు నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లు, బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం విడిగా పెట్టాలని కూడా చెప్పింది. 2 ఎక్కడ, 20 ఎక్కడ?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనం చెయ్యగలిగిన పని ఒకటుంది. 2022-23 నుంచి దేశంలోని మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, కార్మికులు, స్థానికులపై తమ ప్రభావం ఏంటో ఏటా రిపోర్టు ఇవ్వాలని సెబీ రూలు పెట్టింది. అది కంపెనీ తన గురించి తాను రాసుకునేదే. అయినా తీసి చదవండి. పక్కన ఊరి పుస్తకం ఒకటి పెట్టండి: బావిలో నీళ్లు ఎంత దిగాయి, వాగులో చేపలున్నాయా, ఎంత భూమి పోయింది, మనవాళ్లకి ఎన్ని ఉద్యోగాలొచ్చాయి, అందులో పర్మినెంటు ఎన్ని. తేదీలతో రాసి, గ్రామసభలో చదివి, తీర్మానంలోకి ఎక్కించండి.

వాళ్ల పుస్తకం పక్కన మన పుస్తకం ఉంటేనే లాభం అసలు ఎంతో తెలిసేది.