ఎక్కం నోటికొస్తే సరిపోతుందా?

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాకా ఉన్న కోచింగ్ సెంటర్లలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకున్న తరం ఇప్పుడు అమ్మానాన్నలైంది. పిల్లల తరగతుల్లోకి డిజిటల్ బోర్డులొచ్చాయి. అయినా చిన్నారులు తడబడేది 7, 8 ఎక్కాల దగ్గరే. మధ్యలో మర్చిపోతే మళ్లీ మొదటికొస్తారు. ఆ తడబాటే లెక్కలంటే భయంగా మారుతుంది.

బోర్డు పనికొచ్చేది ఇక్కడే. వరుసకు 8 చుక్కల చొప్పున 7 వరుసలు చూపించి, అయిదో వరుస కింద గీత గీస్తే చాలు. పైన 40, కింద 16... మొత్తం 56! బొమ్మను పక్కకు తిప్పితే ఎనిమిది ఏడులూ అంతే.

బోర్డు అర్థమయ్యేలా చూపిస్తే, కంప్యూటర్ సాధన చేయిస్తుంది. గుజరాత్‌లోని వడోదరలో నాలుగో తరగతి పిల్లలతో వారానికి రెండు గంటలు, ఇద్దరికో కంప్యూటర్ చొప్పున లెక్కల ఆటలు ఆడించారు. ఎవరి స్థాయికి తగ్గ లెక్కలు వాళ్లకి. మార్కులు బాగా పెరిగాయని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో వెల్లడించింది. అయితే ఆటలు ఆపేసిన ఏడాదికి ఆ లాభం చాలావరకు తగ్గిపోయింది.

అంటే సాధన ఆగకూడదు. దానికి ఇంట్లో తెరే అక్కర్లేదు, గుప్పెడు చింతగింజలు చాలు. వరుసలుగా పేర్చమనండి, విడదీయమనండి. ఆ తర్వాత వల్లె వేయిస్తే ఎక్కం నోటికే కాదు, బుర్రకీ ఎక్కుతుంది.