మందుకూ కీమ్యాన్ కావాలి



మన దేశంలో రైళ్లు నడిచే ఉక్కుపట్టాలలో అత్యధిక భాగం దశాబ్దాల తరబడి భిలాయి కర్మాగారంలో తయారైనవే. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. నాటినుండి దేశం నలుమూలల శ్రామికులు ఆ పట్టణానికి తరలివచ్చినారు. వారిలో మన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడ తయారైన పట్టా కర్మాగారం గడప దాటకముందే శబ్దతరంగాలతో పరీక్షింపబడుతుంది. అయినను, లైనులో పరచిన తరువాత దానిని ఎవరూ మరచిపోరు. కీమ్యాన్ ప్రతిదినం తన బీటు వెంట నడిచి చూస్తాడు. నిర్ణీత కాలానికి మళ్లీ యంత్రంతో లోపాలు వెదుకుతారు. ఎండకూ చలికీ పట్టా ఎట్లు సాగుతుందో, బండ్ల బరువుకు ఎట్లు అరుగుతుందో లైనుమీదనే తప్ప కర్మాగారంలో పూర్తిగా తెలియదు. ఈ సత్యం రైల్వే కార్మికునికి ఎవరూ బోధించనక్కరలేదు.

మరి మనం ప్రతిరోజూ మింగే మందుకు అటువంటి కీమ్యాన్ ఉన్నాడా? ఈ ప్రశ్న వైద్యులకూ శాస్త్రజ్ఞులకూ మాత్రమే సంబంధించినదని భావించి కార్మికోద్యమం ఊరకుండరాదు. వేతనం, పనిగంటలు, పింఛను ఎంత ముఖ్యమో, ఆ వేతనంతో కొనే మందు మన దేహానికి మేలు చేస్తున్నదా, కీడు చేస్తున్నదా అన్నది అంతే ముఖ్యం.

క్రొత్త ఔషధం ఏదైనా అంగడికి వచ్చేముందు మనుష్యులపై మూడు దశలలో పరీక్షింపబడుతుంది. మొదట పదుల సంఖ్యలో, తరువాత వందల సంఖ్యలో, చివరకు సాధారణంగా కొన్ని వేలమందిపై ప్రయోగిస్తారు. పదివేలమందిలో ఒకరికి మాత్రమే కలిగే హాని మూడువేలమందిపై జరిగిన పరీక్షలో బయటపడుతుందని ఆశించలేము. అంతేకాదు, వృద్ధులను, గర్భిణీ స్త్రీలను, రెండు మూడు జబ్బులు కలిసి ఉన్నవారిని అనేక పరీక్షలనుండి తొలగిస్తారు. పరీక్షకు ఎన్నికైనవారు వేళకు తిని, వేళకు నిద్రించి, వైద్యుల కనుసన్నలలో మందు పుచ్చుకుంటారు. మన జీవితం అట్లు సాగదు. మందును పరీక్షించిన దేహం వేరు; ఆ మందును మింగే శ్రామికుని దేహం వేరు.

భిలాయిలో ఉక్కు కరిగే కొలిమి ఎదుట నిలిచిన కార్మికుని తలచుకొందాము. మే మాసపు ఎండలో సుత్తె పట్టిన ట్రాక్‌మన్‌ను, సంచి తగిలించుకొని వీధులు తిరిగే పోస్ట్‌మన్‌ను కూడ అతని సరసన నిలుపుదాము. ముగ్గురి దేహంలోని నీరూ చెమటై పోతున్నది. వారిలో ఒకరికి రక్తపోటు ఉన్నదనుకొందాము. రామిప్రిల్ లేక టెల్మిసార్టన్ వంటి మాత్ర, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర వైద్యుడు వ్రాసినాడు. ఆ రెండూ సరియైనవే. నడుము నొప్పికి అతడు దుకాణంలో డైక్లోఫెనాక్ లేక ఐబూప్రొఫెన్ అడిగి తెచ్చుకొన్నాడు. అదియు విడిగా చూస్తే మంచి మందే. కాని ఒంట్లో నీరు తగ్గినపుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గకుండ దేహం కొన్ని ఏర్పాట్లు చేసుకుంటుంది. నొప్పి మాత్ర ఒక ఏర్పాటును, రక్తపోటు మాత్ర మరొక ఏర్పాటును అడ్డగిస్తాయి. మూడవ మాత్ర ఉన్న నీటిని బయటకు పంపుతుంది. మూడు మంచి మందులు కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఈ ముప్పును ఔషధశాస్త్రం ఎన్నడో గుర్తించినది. అయితే మన దుకాణంలో మాత్రలు చేతికిచ్చేటపుడు ఈ మాట ఎవరు చెప్పుచున్నారు?

లోకో పైలట్ల సంగతి మరింత సున్నితమైనది. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ వంటి మాత్ర మగతను కలిగిస్తుంది. రాత్రి డ్యూటీలో ఆ మగత ప్రాణాంతకం. మధుమేహానికి గ్లిమెపిరైడ్ మింగినవానికి భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయి చెమటలు పట్టి చూపు మసకబారవచ్చు. బండి సిగ్నలు వద్ద రెండు గంటలు నిలిచిపోయినపుడు క్యాబులో భోజనానికి వేళ ఎక్కడిది? మెయిలు సార్టింగు హాలులో రాత్రంతా మేలుకొనే ఉద్యోగికి “ఉదయం ఒకటి, రాత్రి ఒకటి” అని వ్రాసిన చీటీలో ఏది ఉదయం, ఏది రాత్రి?

ఇటువంటి ప్రశ్నలకు సమాధానం వెదకే పరిశోధనను మనం ఆదరించవలసి ఉన్నది. పీహెచ్.డి. పట్టా పొందిన పిదప యువ శాస్త్రజ్ఞులు చేసే పోస్ట్ డాక్టొరల్ పరిశోధనలో ఇది ముఖ్యమైన శాఖ కాగలదు. క్రొత్త మందు కనిపెట్టినవారికి కీర్తి లభిస్తుంది. పాత మందును క్షేమంగా వాడే తీరు కనిపెట్టినవారి పేరు ఎవరికీ తెలియదు. కాని ప్రాణాలు రెండవ పనిచేత కూడ నిలుస్తున్నవి.

మన తెలుగువాని చరిత్రయే ఇందుకు సాక్ష్యం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరినారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేసుకొంటూ చదివి 1930లో హార్వర్డులో డాక్టరేటు పొందినారు. కండరాల శక్తికి మూలమైన పదార్థాలను గుర్తించుటలో భాగస్వామి అయిన ఆ మహనీయునికి ఆ తరువాత పదేండ్లు అక్కడే శ్రమించినను స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిన తరువాతనే ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ అందించినది. రక్తపు కాన్సరుపై పనిచేసే మెథోట్రెక్సేట్ వర్గపు ఔషధాలకు మార్గం తెరచినది. 1948లో ఆయన మరణించినారు.

ఆ మెథోట్రెక్సేట్‌ను తరువాతి కాలంలో కీళ్లవాతానికి చిన్న మోతాదులో వాడుట ప్రారంభమైనది. అది వారానికి ఒక్కసారి మాత్రమే మింగవలసిన మందు. చీటీలోని మాట సరిగా చదువక, లేక చెప్పినవారు సరిగా చెప్పక, ప్రతిరోజూ మింగి నోరు పుండ్లుపడి, ఎముకలలోని మూలుగ దెబ్బతిని ప్రాణాలు కోల్పోయిన రోగుల ఉదంతాలు అనేక దేశాలలో నమోదైనవి. ఆ మందు కీడును తగ్గించుటకు వైద్యులు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం మాత్ర! ఒకే ప్రయోగశాలనుండి మందూ వచ్చినది, దాని కీడుకు విరుగుడూ వచ్చినది. కాని వారానికి ఒకసారి అన్న మాటను రోగి చెవిలో వేసే మనిషి లేనిచోట ఆ రెండు విజయాలూ వ్యర్థమైనవి.

మందుపై నిఘా అవసరమన్న జ్ఞానం లోకానికి తేలికగా కలుగలేదు. గర్భిణీ స్త్రీలు వాడిన థాలిడొమైడ్ వలన వేలాది శిశువులు అవయవలోపాలతో పుట్టిన తరువాత 1961లో ఆ మందును ఉపసంహరించినారు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల దుష్ఫలితాలను దేశదేశాలనుండి సేకరించే కార్యక్రమం ఆరంభించినది. మన దేశంలో ప్రస్తుత జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలై, 2011నుండి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో సాగుచున్నది. వైద్యులే కాదు, మందు వాడి హాని పొందిన రోగి కూడ స్వయంగా ఫిర్యాదు నింపి పంపవచ్చును. 1800-180-3024 అనే ఉచిత టెలిఫోన్ నంబరు కూడ ఉన్నది. ఈ సంగతి మన సభ్యులలో ఎందరికి తెలుసు?

నిఘా లేనిచోట ఏమి జరుగునో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమే చూచినది. 2014 నవంబరు 8వ తేదీన బిలాస్‌పూర్ సమీపంలో ఒక కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకే వైద్యుడు కొద్ది గంటలలో 83 మంది పేద స్త్రీలకు శస్త్రచికిత్స చేసినాడు. వారిలో పదిమందికి పైగా మరణించినారు. వారికిచ్చిన మాత్రలలో ఎలుకల మందు కలిసినదన్న అనుమానంతో ప్రభుత్వం ఆ మాత్రలను నిషేధించినది. అశుభ్రమైన శస్త్రచికిత్సవలన సోకిన విషక్రిములే కారణమన్న అభిప్రాయమూ వెలువడినది. కారణంపై వాదోపవాదాలు సాగినవి. తల్లులను కోల్పోయిన బిడ్డలకు ఆ వాదాలతో పని లేదు. ఇచ్చిన ప్రతి మాత్రకూ బ్యాచి నంబరు వ్రాసి ఉంచుట, మొదటి స్త్రీ వాంతి చేసుకొన్న గంటలోనే మిగిలిన మాత్రలు ఆపివేయుట కాగితం పని కాదు, ప్రాణరక్షణ.

అదే రాష్ట్రంలో దీనికి భిన్నమైన చరిత్ర కూడ ఉన్నది. దానిని నిర్మించినది కార్మికులే. భిలాయి కొలుములకు ఇనుప ఖనిజం పంపిన దల్లీ రాజ్‌హరా గనులలో 1977 జూన్‌లో పోలీసు కాల్పులకు 11 మంది బలియైనారు. వారి స్మృత్యర్థం గని కార్మికులు తమ సొమ్ముతో, తమ శ్రమతో నిర్మించిన షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న ప్రారంభమైనది. ఆ ఉద్యమ నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురియైనాడు. ఆయన రాజకీయాలతో అందరూ ఏకీభవించనక్కరలేదు. కాని ఆ ఆసుపత్రి నేర్పిన పాఠం అందరిదీ. విరేచనాలు పట్టుకొన్నవారికి సెలైను సీసాకంటె ముందు ఉప్పు, చక్కెర కలిపిన నీరు త్రాగించవలెననీ, అవసరం లేని సూదిమందు, టానిక్కు రోగి జేబుకూ దేహానికీ చేటనీ అక్కడి వైద్యులు, కార్మికులనుండియే తయారైన ఆరోగ్య కార్యకర్తలు ప్రచారం చేసినారు. సూది వేయని డాక్టరు డాక్టరే కాడనుకొనే రోజులలో ఈ మాట చెప్పుటకు ధైర్యం కావాలి. యూనియన్ అండ ఉన్నందున చెప్పగలిగినారు.

1975లో హాథీ కమిటీ మందులకు వ్యాపారనామాలు క్రమంగా తొలగించి అసలు పేర్లతోనే అమ్మవలెనని సిఫారసు చేసినది. అది ఈనాటికీ సంపూర్ణంగా అమలు కాలేదు. హేతుబద్ధత లేని మిశ్రమ మందులను 2018లో ఒకేసారి 328 వరకు ప్రభుత్వం నిషేధించవలసి వచ్చినదంటే, అంతవరకు వాటిని మింగినది ఎవరు? మనమే.

ఇక ఒక చేదునిజం మనలో మనం చెప్పుకోవాలి. రన్నింగు స్టాఫులో కొందరు తమ మధుమేహాన్నీ రక్తపోటునూ రైల్వే వైద్యునికి చెప్పక, బయట దుకాణంలో మందు కొని రహస్యంగా వాడుచున్నారు. చెప్పితే డీకేటగరైజ్ చేసి రన్నింగు భత్యాలు లేని పోస్టుకు పంపుతారేమోనని భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేము. ఇంటిల్లిపాది ఆ జీతంపై ఆధారపడి ఉన్నది. కాని దాచిన జబ్బు ఆ ఒక్కనితో పోదు. వెనుక బోగీలలో వందలమంది నిద్రిస్తున్నారు. నిజం చెప్పినవానికి శిక్ష పడేచోట ఏ పరిశోధకుడూ నిజం కనుగొనలేడు. కావున వేతనరక్షణ లేనిదే ఔషధక్షేమం లేదు. ఈ రెండు డిమాండ్లూ విడదీయరానివి.

పరిశోధకుల పరిస్థితియు మనకు పరాయిది కాదు. పీహెచ్.డి. పూర్తిచేసిన యువకుడు లేక యువతి రెండేండ్ల ఫెలోషిప్పుపై చేరి, గడువు ముగియగానే మరొక చోట దరఖాస్తు పెట్టుకోవలసి వస్తున్నది. ఒక మందు దీర్ఘకాలంలో ఏమి చేయునో తెలుసుకొనుటకు ఏండ్లు పట్టును. తెలుసుకొనవలసినవాని ఉద్యోగానికి రెండేండ్ల ఆయుష్షు! వారును కాంట్రాక్టు శ్రామికులే. సుబ్బారావుగారికి హార్వర్డులో జరిగినది నేటి పరిశోధకునికి స్వదేశంలో జరుగరాదు.

అందువలన ప్రభుత్వాన్ని, యాజమాన్యాలను మనం కోరేది ఇది. రైల్వే ఆసుపత్రులలోను, భిలాయి సెక్టార్ 9 ఆసుపత్రి వంటి ప్రభుత్వరంగ వైద్యాలయాలలోను మందుల దుష్ఫలితాలు నమోదుచేసే శిక్షితులైన ఉద్యోగులు శాశ్వత ప్రాతిపదికపై ఉండవలెను. వేడిలో, రాత్రి డ్యూటీలలో పనిచేసేవారి దేహాలపై మందుల ప్రభావాన్ని గూర్చి ఆ ఆసుపత్రులలోనే పరిశోధన జరుగవలెను. పరిశోధకులకు కనీసం ఐదేండ్ల భద్రత ఉండవలెను. కార్మికుని అనుమతి లేనిదే అతని వైద్యవివరాలు పై అధికారి బల్లపైకి చేరరాదు. మందు సంచిపై రోగి చదువగల భాషలో సూచనలు ఉండవలెను. ఏ మూల గ్రామంలోనో మందుల దుకాణమే దిక్కైన గ్రామీణ డాక్ సేవకునికి కూడ ఈ రక్షణలన్నీ వర్తించవలెను.

మన వంతు కర్తవ్యం కూడ ఉన్నది. వాడుచున్న మందుల పేర్లన్నీ ఒక చీటీపై వ్రాసి జేబులో ఉంచుకొని, క్రొత్త మందు వ్రాసే ప్రతి వైద్యునికీ చూపుదాము. మన డ్యూటీ వేళలు వైద్యునికి చెప్పుదాము. మగత కలిగించునా, ఇతర మందులతో పొసగునా అని అడుగుటకు సిగ్గుపడకుందాము. క్రొత్త మందుతో క్రొత్త బాధ పుట్టినచో వెంటనే వైద్యునికి తెలిపి నమోదు చేయిద్దాము. అంతేగాని, రక్తపోటు, మధుమేహం, మూర్ఛ వంటి జబ్బుల మందులను మన ఇష్టానుసారం మానివేయరాదు. ప్రతి శాఖా కార్యాలయంలోను ఈ ఉచిత టెలిఫోన్ నంబరు గోడపై వ్రాయించవలెనని శాఖా కార్యదర్శులను కోరుచున్నాము.

పట్టాలో వెంట్రుకవాసి పగులును కనిపెట్టి ఎర్రజెండా చూపిన కీమ్యాన్ ఎన్నో ప్రాణాలు నిలుపుతాడు. మందు మింగిన తరువాత తన దేహంలో ఏమి జరిగినదో నిర్భయంగా చెప్పే కార్మికుడు, ఆ మాటను శ్రద్ధగా విని వ్రాసుకొనే పరిశోధకుడు కూడ అదే పని చేస్తున్నారు. ఆ ఇద్దరూ భయం లేకుండ పనిచేయగల పరిస్థితి సాధించుట మన ఫెడరేషన్ బాధ్యత. ఆ బాధ్యతకు ప్రతి శాఖా సన్నద్ధం కావలెనని పిలుపునిస్తున్నాము.